ప్రకృతి సాగు బియ్యం మా నెల ఖర్చులో ఎలా ఇమిడిందంటే

మాది రామచంద్రపురం దగ్గర ఊరు. ఇంటి వెనక చేలకు నీరు తెచ్చే పంటబోదె, బోదె అవతల కనుచూపుమేర వరిచేలు. ఇంత వరి మధ్యన ఉండి, మందులు కొట్టని బియ్యం కోసం కాకినాడ వెళ్ళి కిలోకు 110 రూపాయలు పెట్టడానికి నాకు చాలాకాలం మనసొప్పలేదు. కొనకుండా ఊరుకోవడానికీ మనసొప్పలేదు, ఎందుకంటే వరికి సుడిదోమ పురుగు తగిలిన ఏడు ఆ చేలల్లో స్ప్రేయర్లు ఎన్నిసార్లు తిరుగుతాయో మా వంటింటి కిటికీలోంచే కనిపిస్తుంది. ఇప్పుడు అలాంటి బియ్యమే మాకు కిలో 54 రూపాయలకు పడుతోంది. నెలజీతం మీద నడిచే మరో ఇంటికి పనికొస్తుందని, ఇందులో తెలుసుకున్నవీ పోగొట్టుకున్నవీ వివరంగా రాస్తున్నాను.

మొదట మేము చేసిన తప్పు, అన్నీ ఒకేసారి మార్చాలనుకోవడం. మిరియాల దగ్గర నుంచి గోధుమపిండి దాకా ఆర్గానిక్ పొట్లాలు కొంటే నెల సగం కాకుండానే సరుకుల డబ్బు అయిపోయింది. అప్పుడు మా అత్తగారు అడిగిన ప్రశ్న నన్ను ఆలోచింపజేసింది: "నెలకు పావుకిలో పట్టని మిరియాల మీద అంత పెట్టి, ఇరవై నాలుగు కిలోలు తినే బియ్యం మామూలువే వండితే ఏం ప్రయోజనమమ్మా?" ఆ మాటతో లెక్క మార్చుకున్నాము. ఎక్కువ ఏది తింటామో అదే ముందు మార్చాలి. మా ప్రాంతంలో అది బియ్యమే.

బియ్యాన్ని బియ్యంగా కాక ధాన్యంగా కొనడంతోనే ఖర్చు దిగివచ్చింది. మా వైపు ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. ప్రకృతి వ్యవసాయం చేసే ఒక రైతు దగ్గర నిరుడు బస్తా 2,400 రూపాయలకు తీసుకున్నాము. మర ఆడించినందుకు 150, ఆటోలో మా వంతు 50. నూకలు పోను బస్తాకు 48 కిలోల బియ్యం వచ్చింది, అది మా నలుగురికి సరిగ్గా రెండు నెలలు. అంటే ఏడాదికి ఆరు బస్తాలు, ధాన్యం వరకు 14,400 రూపాయలు. కోతలప్పుడు ఇంత డబ్బు ఒక్కసారిగా తీయడం మాలాంటి వాళ్ళకు కష్టమే. అందుకే నెలకు 1,200 చొప్పున విడిగా దాచడం అలవాటు చేసుకున్నాము. మొదటి ఏడాది ఆ సొమ్ము చేతిలో లేదు, రైతుతో ఉన్నమాట చెప్పి సగం కళ్ళం మీద, సగం సంక్రాంతికి ఇచ్చాము. వీధిలో నాలుగు ఇళ్ళవాళ్ళం కలిసి ఒకే ఆటోలో తెప్పించుకోవడం వల్లే రవాణా అంత తక్కువకు వచ్చింది.

ఇక నమ్మకం సంగతి. పొట్లం మీద "ఆర్గానిక్" అనే మాట ఒక్కటే చాలదు. సేంద్రియమని ధ్రువీకరించిన సరుకు మీద వేసే జైవిక్ భారత్ గుర్తు ఉందో లేదో చూడాలి. ఒకసారి ఆ గుర్తు లేని కందిపప్పుకు రెట్టింపు ధర పెట్టి, ఇంటికొచ్చాక గమనించి చాలా బాధపడ్డాను. చిన్న రైతు తినేవాళ్ళకు నేరుగా అమ్ముకునేటప్పుడు ఈ ధ్రువీకరణ తప్పనిసరి కాదు కాబట్టి అక్కడ మన కళ్ళే ఆధారం. రైతులే బృందంగా ఏర్పడి ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ పద్ధతి కూడా ఉంది. అందులో రసాయనాలు మానేసి ఇంకా మార్పు దశలో ఉన్న పొలం పంటకు "గ్రీన్" అని, ఆ దశ దాటిన పంటకు "ఆర్గానిక్" అని వేరుగా రాస్తారు. మార్పు దశలోని పంట కొంత తక్కువకు దొరుకుతుంది. రైతుకు అన్నిటికంటే ఆదరణ కావలసిన సమయం కూడా అదే కనుక నేను దాన్ని సంతోషంగా కొంటాను.

మన రాష్ట్రంలో 2016 నుంచి ప్రభుత్వ సంస్థ అయిన రైతు సాధికార సంస్థ ఈ సాగును ప్రోత్సహిస్తోంది కాబట్టి, ఏ ఊళ్ళో ఎవరు చేస్తున్నారో రైతు సేవా కేంద్రంలో అడిగితే తెలుస్తుంది. మేము అలాగే వెతుక్కుంటూ వెళ్ళాము. ఆ రైతు ధర చెప్పకముందే, "ఒకసారి చేలోకి వచ్చి చూడండమ్మా, డబ్బుల సంగతి తరవాత మాట్లాడుకుందురుగాని" అన్నారు. పాకలో 200 లీటర్ల నీలం డ్రమ్ములో చేనుకు ఎరువుగా పోసే జీవామృతం మాగుతోంది. ఆవుపేడ, మూత్రం, బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టుమట్టి కలిసిన ఆ నీటిని ఆయన కర్రతో కుడివైపుగా తిప్పుతూ ఉంటే పులిసిన వాసన వచ్చింది. నేను అడిగిన ముఖ్యమైన ప్రశ్న మాత్రం నీటి గురించి. డెల్టాలో చాలాచోట్ల నీరు చేనుకు చేనుగా దిగుతుంది. పైచేలో వేసిన యూరియా, కొట్టిన మందు ఆ నీటితోపాటే కిందిచేలోకి వస్తాయి. ఈయన చేను బోదె మొదట్లో ఉంది, నీరు నేరుగా తూము నుంచి వస్తుంది. పక్కచేని వైపు గట్టు ఎత్తుగా వేసి, ఆ అంచున రెండు బారల వెడల్పు పంటను విడిగా కోసి మామూలు ధాన్యంలో కలిపేస్తానని చెప్పారు. ఏ కాగితమూ ఇవ్వలేని ధైర్యం నాకు ఆ మాటతో వచ్చింది.

నిల్వలో మాత్రం మొదటి ఏడాది పెద్ద నష్టమే జరిగింది. తరచూ మిల్లుకు వెళ్ళే పని తప్పుతుందని రెండు బస్తాలు ఒకేసారి, అదీ వానాకాలంలో, తవుడు పూర్తిగా పోకుండా ఒక్క పట్టు మాత్రమే వేయించి ఆడించాను. భాద్రపదం వచ్చేసరికి డబ్బా మూత తీస్తే ముక్కపురుగు, దానికి తోడు పాడైన నూనె వాసన. తవుడు పొర మిగిలిన బియ్యంలో నూనె ఉంటుంది, అది త్వరగా పాడవుతుందని తరవాత తెలిసింది. పాతిక కిలోలు కోళ్ళకు పోయాయి. ఇప్పుడు ధాన్యం ధాన్యంగానే ఉంచి, రెండు నెలలకొక బస్తా ఆడిస్తాను. ఊక ఉన్నంతకాలం ముక్కపురుగు సులువుగా లోపలికి పోలేదు. బస్తాలు నేల మీద కాక చెక్కబల్ల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టాలి. కొనేటప్పుడు గింజ పంటికింద వేసి కొరికి చూస్తాను. పటుక్కున విరిగితే ఆరిందని, మెత్తగా నలిగితే ఇంకా రెండు ఎండలు కావాలని అర్థం.

మినుములకు మాఘ ఫాల్గుణాలు మంచి అదను. దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీరందని శివారు భూముల్లో సార్వా (మొదటి పంట) కోతకు కొద్దిరోజుల ముందే వరిలో మినుములు చల్లుతారు, ఆ మిగులు తేమతోనే పంట వస్తుంది. కొత్త పంట దిగిన వారాల్లో పొట్టుతోనే కొని, ఎండబెట్టి, వేపాకు వేసి డబ్బాకెత్తితే ఏడాది ఇడ్లీకి, సున్నుండలకు చింత ఉండదు.

నూనె విషయంలో నాకు చాలా ఇష్టమైన లెక్క ఒకటుంది. నువ్వులు కొని గానుగకు తీసుకెళ్తే రెండున్నర కిలోలకు దాదాపు కిలో నూనె దిగుతుంది. సీసా ధరతో పోలిస్తే తేడా పెద్దగా కనిపించదు కానీ, తెలకపిండి మనకే వస్తుంది. వెచ్చగా ఉన్న ఆ చెక్కను చిదిమి, మునగాకు వేసి కూర చేస్తే మా ఇంట్లో ఆ పూట పప్పు అక్కర్లేదు.

బెల్లం చెరుకు ఆడే రోజుల్లో, ముదురు రంగుది, వర్షాలు పడేలోపు అయిపోయేంతే కొంటాను. పసుపుపచ్చగా మెరిసేది, రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం వేసినది కావచ్చు. చింతపండు గిరిజన సహకార సంస్థ దుకాణంలో తీసుకుంటాను. అడవి చెట్లకు మందులు కొట్టేవారు ఎవరూ లేరు, దానికి ప్రత్యేకమైన పొట్లం అవసరం లేదు. సేంద్రియ ఉప్పు అని అమ్మేవారి మాట నమ్మవద్దు. ఉప్పు పంట కాదు, ఆ డబ్బు పప్పుకు ఉంచుకోండి.

కందిపప్పు మాత్రం ఇంకా కుదరలేదు. అది మన పల్లపు చేలల్లో పండేది కాదు, మెట్ట నుంచి రావాలి. ఈ ఏడు నాలుగు ఇళ్ళవాళ్ళం కలిసి మెట్ట రైతు దగ్గర ఒక క్వింటాలు కందులు మాట్లాడుకున్నాము. అత్తగారి పాత తిరగలి అటక మీద నుంచి దింపి, గంటు పెట్టేవాడికి కబురు చేశాము. కందులు నానబెట్టి, ఆరబెట్టి, విసిరి, ఆముదం పట్టించి ఎండలో పెట్టే పనికి నలుగురమూ ఒక ఆదివారం అనుకున్నాము.