మెట్‌కాఫ్ లెక్కపెట్టిన కాలనీలు

ఈ రోజు ల్యాబ్‌లో విశేషం ఏమీ లేదు. ఉదయం వచ్చిన రక్త నమూనాలలో ఒకటి కీమోథెరపీ తీసుకుంటున్న రోగిది. మొన్నటి రిపోర్టులో మైక్రోలీటరుకు 500 కంటే తక్కువకు పడిపోయిన న్యూట్రోఫిల్ కణాల (బాక్టీరియాతో పోరాడే తెల్లకణాల) సంఖ్య ఈ రోజు మామూలు స్థాయిని దాటింది. స్లైడు మీద ఇంకా పరిణతి చెందని తెల్లకణాలు, ముదురు రేణువులు నిండిన న్యూట్రోఫిల్స్ కనిపించగానే ఆ కణాలను పెంచే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్లు నడుస్తున్నాయని అర్థమైంది. పరీక్ష కాగితంలో కూడా అదే రాసి ఉంది. ఇలాంటివి మాకు అలవాటే కనుక ఎవరమూ దాని గురించి మాట్లాడుకోలేదు. మధ్యాహ్నం తీరిక దొరికినప్పుడు మాత్రం ఆ మందుకు దారి వేసిన డొనాల్డ్ మెట్‌కాఫ్ గురించి ఆలోచిస్తూ ఉండిపోయాను.

ఆస్ట్రేలియాకు చెందిన ఆయన 1954లో, విక్టోరియా రాష్ట్రపు క్యాన్సర్ నిరోధక మండలి ఇచ్చిన ఫెలోషిప్‌తో, మెల్‌బోర్న్‌లోని వాల్టర్ అండ్ ఎలైజా హాల్ సంస్థలో చేరారు. లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, ఎందుకు వస్తుందన్నది ఆయన ప్రశ్న. మొదటి సంవత్సరాలలో థైమస్ గ్రంథి మీద, లింఫోసైట్‌లనే తెల్లకణాలను పెంచే పదార్థమేదైనా అందులో ఉందా అన్నదాని మీద పనిచేశారు. ఆ అన్వేషణ అనుకున్నంత దూరం సాగలేదు కానీ, రక్తకణాల ఉత్పత్తికి శరీరంలో ప్రత్యేకమైన ఆజ్ఞలు ఉండి తీరాలన్న నమ్మకం మాత్రం ఆయనను వదల్లేదు.

మలుపు 1965 ప్రాంతంలో వచ్చింది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన రే బ్రాడ్లీ అగర్ అనే మెత్తటి జెల్లీ పోసిన పళ్ళెంలో ఎలుక ఎముక మూలుగ కణాలను పెంచుతుండగా, వాటి నుంచి చిన్న చిన్న కాలనీలు ఏర్పడుతున్నాయని ఆయనా, మెట్‌కాఫూ గమనించారు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో లియో సాక్స్, డోవ్ ప్లుజ్నిక్ దాదాపు అదే కాలంలో స్వతంత్రంగా ఇదే సంగతి కనిపెట్టారు. అగర్‌లో కణాలు అటూ ఇటూ కదలలేవు కాబట్టి, గింజ పడిన చోటే గుబురు లేచినట్లు, ఒక్క కణానికి పుట్టిన సంతతి అంతా ఒకచోటే నిలుస్తుంది. ఆ గుబురులో గ్రాన్యులోసైట్‌లు (న్యూట్రోఫిల్స్ చేరే తెల్లకణాల జాతి), మాక్రోఫేజ్‌లు (వ్యర్థాలను మింగి తొలగించే కణాలు) ఉన్నాయి. బయటి నుంచి ఏదో ఒక ప్రేరకం అందకపోతే మాత్రం మూలుగ కణాలు విభజన చెందకుండానే చనిపోయేవి. ఆ ప్రేరకానికే కాలనీలను ప్రేరేపించే కారకమని, అంటే సీఎస్ఎఫ్ అని, పేరు పెట్టారు.

నా దృష్టిలో ఆయన గొప్పతనమంతా ఆ పళ్ళేన్ని కొలమానంగా మార్చడంలోనే ఉంది. పదార్థం ఎంత ఎక్కువగా ఉంటే అన్ని ఎక్కువ కాలనీలు వస్తాయి కనుక, శుద్ధి చేసే ప్రతి దశలోనూ అది ఏ భాగంలోకి వెళ్ళిందో కాలనీలను లెక్కపెట్టి తెలుసుకోవచ్చు. లెక్కపెట్టడం అంటే మైక్రోస్కోపు ముందు కూర్చుని, పళ్ళెం తరువాత పళ్ళెం కంటితో చూడటమే. ఆ పనిని ఆయన చివరి ఏళ్ళ వరకూ స్వయంగా చేసేవారట. రోజూ స్లైడ్‌లు చూసే నాకు అది విన్నప్పుడల్లా కొంచెం గర్వంగానే ఉంటుంది. శరీరంలో ఈ పదార్థాలు అతి స్వల్పంగా ఉంటాయి కాబట్టి శుద్ధి చేయడానికే పదేళ్ళకు పైగా పట్టింది. ఎలుక ఊపిరితిత్తులను ఉంచిన ద్రవం నుంచి ఆ రెండు రకాల కణాలనూ పెంచే జీఎం-సీఎస్ఎఫ్‌ను 1977లో, ప్రధానంగా గ్రాన్యులోసైట్‌లను పెంచే జీ-సీఎస్ఎఫ్‌ను 1983లో వేరుచేశారు. ఇది పళ్ళెంలో మాత్రమే కనిపించే కృత్రిమ ఫలితమేమోనన్న అనుమానాలను అన్నాళ్ళూ భరించాల్సి వచ్చింది. తరువాతి కథ వేగంగా నడిచింది: జన్యువులు దొరికాయి, బాక్టీరియాలో మందు తయారైంది, 1991లో అమెరికాలో జీ-సీఎస్ఎఫ్ మందు రూపమైన ఫిల్‌గ్రాస్టిమ్‌కు అనుమతి లభించింది. 1993లో మెట్‌కాఫ్‌కు లాస్కర్ పురస్కారం వచ్చింది. నోబెల్ రాలేదు, ఎందుకో నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఎముక మూలుగ రోజుకు సుమారు పది వేల కోట్ల న్యూట్రోఫిల్స్‌ను తయారు చేస్తుంది; రక్తంలో వాటి ఆయుష్షు కొన్ని గంటలే. కీమోథెరపీతో ఆ సరఫరా ఆగినప్పుడు మామూలు బాక్టీరియా కూడా ప్రాణాంతకం అవుతుంది. జీ-సీఎస్ఎఫ్ ఆ ఖాళీ రోజులను తగ్గిస్తుంది. ఎవరూ ఊహించని రెండో ఉపయోగం కూడా మెల్‌బోర్న్‌లోనే బయటపడింది: జీ-సీఎస్ఎఫ్ ఇచ్చిన రోగుల రక్తంలోకి మూలుగలోని పూర్వకణాలు పెద్ద సంఖ్యలో వస్తున్నాయని 1988లో ఆయన బృందం ప్రకటించింది. దాతకు కొన్ని రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి చేతి నరం నుంచే మూలకణాలను సేకరించడం నేడు మామూలైపోయింది. అంతకు ముందు తుంటి ఎముకలో సూదులు దింపాల్సి వచ్చేది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకర్షించేది మాత్రం జీఎం-సీఎస్ఎఫ్ కథ. దాని జన్యువును తొలగించిన ఎలుకల్లో రక్తకణాల ఉత్పత్తి కుంటుపడుతుందని అనుకుంటే, 1994లో వచ్చిన ఫలితాల్లో రక్తం దాదాపు మామూలుగానే ఉంది, పాడైనది ఊపిరితిత్తులు. వాటిలోని గాలి అరలు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ పదార్థాన్ని ఎప్పటికప్పుడు తొలగించే మాక్రోఫేజ్‌లు ఈ కారకం లేకుండా పరిణతి చెందలేవు. కొందరు మనుషుల్లో రోగనిరోధక వ్యవస్థే ఈ కారకానికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలను తయారు చేయడం వల్ల గాలి అరలు ఆ పదార్థంతో నిండిపోతాయని తరువాత తేలింది. మూలుగ కాలనీల పేరు మోస్తున్న ఆ కారకాన్నే అటువంటి రోగులకు పొగమంచులా పీల్చే మందుగా ఇచ్చి పరీక్షించారు.