పదకొండో నంబరు జెర్సీ

మన కాలేజీ రీయూనియన్ కమిటీవాళ్లు వాట్సాప్‌లో మూడోసారి గుర్తు చేశాక ఇక తప్పక రాస్తున్నాను. మూడేళ్ల డిగ్రీలో నాకు నిజంగా గుర్తున్నది సెకండియర్ ఒక్కటే. మిగతా రెండేళ్లూ ఎవరైనా రాసుకోండి. పాము కథ మాత్రం లడ్డూకి వదిలేశాను, అది తన సొత్తు.

పొద్దున ఐదున్నరకి పీడీ మేడం విజిల్. "మహారాణులకి తెల్లారిందా?" బాస్కెట్‌బాల్ టీంలో తొమ్మిదిమంది పిల్లలం, ఆరు జతల బూట్లు. సబ్‌స్టిట్యూషన్ అంటే మనకి బూట్లు విప్పి ఇవ్వడమే. మనం రైలింజను అని పిలిచే పిల్లదీ నాదీ ఒకే సైజు కాబట్టి మేమిద్దరం కలిసి ఆడిన మ్యాచ్ ఒక్కటీ లేదు.

ఆ జూన్‌లోనే మనం పొడుగు అని పిలిచే పిల్ల టీసీ తీసుకుంది. పక్క జిల్లాలో ఒక కాలేజీ ఫీజు లేకుండా సీటు, హాస్టలు, నెలకి ఐదొందలు, కొత్త బూట్లు ఇస్తామంది. హాస్టల్ గోడ మీద బొగ్గుతో ఏం రాశామో ఇక్కడ రాయను. అక్షరాలు మాత్రం నావే, ఇన్నేళ్లకి ఒప్పుకుంటున్నాను.

మేడం ఆ టీసీ కోసం తనే ఆఫీసు చుట్టూ తిరిగారు. బస్టాండు దాకా వెళ్లి కిటికీలోంచి అరటిపళ్లు అందించి వచ్చారు. నాకు ఒళ్లు మండి, "మీరేంటి మేడం, దాని వైపు?" అని అడిగేశాను.

"వాళ్ల నాన్న మంచం పట్టి ఎన్నాళ్లైందో తెలుసా నీకు?"

తెలియదు. ఏడాదిపాటు నా పక్క మంచం మీద పడుకున్న పిల్ల.

డిసెంబరు ఫైనల్లో ఆ కాలేజీ మీదే మూడు పాయింట్ల తేడాతో ఓడాం. వాళ్ల పాయింట్లలో పొడుగు కొట్టినవే ఇరవై. తిరుగు బస్సులో "కొన్న కప్పు, కొన్న కప్పు" అని పాట కట్టి గొంతులు పోయేలా పాడాం. మేడం ముందు సీట్లోంచి వెనక్కి తిరగలేదు.

ఇప్పుడు నేనుండేది సౌత్ కరోలినాలోని కొలంబియాలో. అమ్మాయిల కాలేజీ బాస్కెట్‌బాల్‌కి ఈ ఊరు ఒక గుడి. మాకు నాలుగు సీజన్ టికెట్లున్నాయి. ఇక్కడ 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, ఫొటో వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవచ్చు. 2025 జులై నుంచి యూనివర్సిటీలే నేరుగా ఇవ్వచ్చు, అన్ని ఆటలకీ కలిపి మొదటి ఏడాది సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా. అందులో అమ్మాయిల వంతు ఎంతో చెప్పక్కర్లేదు, సింహభాగం అబ్బాయిల అమెరికన్ ఫుట్‌బాల్‌దే. ఏటా కాలేజీ మారే పిల్లల్ని చూసి పక్క సీట్లో పెద్దాయన "ఇది టీమా, సంతా?" అని విసుక్కుంటాడు. నాకు మన బస్సు పాట వినిపిస్తుంది.

2023లో మా ఊరి సౌత్ కరోలినా యూనివర్సిటీ టీం మొదటి ఐదుగురూ ఒకేసారి వెళ్లిపోయారు. మరుసటి ఏడు కోచ్ డాన్ స్టేలీ కొత్త ఐదుగురితో 38 మ్యాచులకి 38 గెలిపించింది. ఫైనల్లో అయోవా మీద 87-75. ఆ రోజు 17 రిబౌండ్లు (బుట్టలో పడక తిరిగొచ్చిన బంతులు) లాగిన కమిల్లా కార్డోసో ఆరడుగుల ఏడంగుళాల బ్రెజిల్ పిల్ల, సిరక్యూస్ యూనివర్సిటీ నుంచి మారి వచ్చింది. మొదటి రెండేళ్లూ ఎక్కువగా బెంచి మీద నుంచి లేచి ఆడింది. వీసా మీద చదివే విదేశీ పిల్లలకి ఆ డబ్బు అంత సులువుగా అందదు కూడా. ఎఫ్-1 మీద వచ్చినదాన్ని, ఆ బాధ నాకు తెలుసు. ఆ సాయంత్రం అందరూ చప్పట్లు కొడుతుంటే నేను ఏడ్చాను. మా ఆయన గెలిచినందుకనుకున్నారు.

మనకెవరూ పైసా ఇస్తామనలేదు. మనం కాలేజీ మారకపోవడంలో గొప్పేముందే, లడ్డూ?

పొడుగూ, రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం వచ్చిందని ఎప్పుడో విన్నాను. మొన్న రిజిస్ట్రేషన్ లిస్టులో నీ పేరు చూశాను. నువ్వు పీడీ రూములో వదిలేసి వెళ్లిన పదకొండో నంబరు జెర్సీ దొంగిలించింది నేనే. పట్టుకొస్తున్నాను. ఉతికాను కూడా.