చిన్నమ్మ ఫోన్‌లో ఎస్‌ఓఎస్ పెట్టిన తీరు

హైదరాబాద్ చాదర్‌ఘాట్‌లో మూసీ పక్క ఇల్లు. పైన హిమాయత్‌సాగర్ జలాశయం గేట్లెత్తితే వరదొస్తుందని మైకులో చెబుతూ పోతారు. చిన్నమ్మకి వినపడదు, మాట రాదు. వికలాంగుల హక్కుల చట్టం, 2016లో 8వ సెక్షన్ ప్రకారం ఇలాంటివాళ్ల వివరాలు జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ దగ్గర ఉండాలి, ప్రమాదమొస్తే వాళ్లకి తెలిసేలా చెప్పాలి. అదయ్యేలోపు ఫోనైనా సరిచేద్దామని కూర్చున్నా.

ముందు హెచ్చరికలు. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో 'వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్' వెతికి అన్నీ ఆన్ చేశా, వైబ్రేషన్‌తో సహా. ఇవి టవర్ నుంచి నేరుగా వస్తాయి, డేటా అక్కర్లేదు. ఫ్లైట్ మోడ్‌లో ఉంటే మాత్రం రావు. చిన్నమ్మకి రాత్రిపూట అదే అలవాటు, మాన్పించడానికే ఎక్కువ టైం పట్టింది. మామూలు మెసేజ్‌లకి ఆండ్రాయిడ్ 14లో ఫ్లాష్ నోటిఫికేషన్స్ ఉంది, కెమెరా లైటు మిణుకుమంటుంది. ఫోన్ బోర్లా పెట్టి పడుకోవాలి, లేకపోతే ఆ వెలుగంతా పరుపుకే.

అసలు తిప్పలు బటన్ దగ్గర. పవర్ బటన్ రెండుసార్లు నొక్కితే కెమెరా, మూడుసార్లకి 112 ఇండియా యాప్, అయిదుసార్లకి ఆండ్రాయిడ్ ఎస్‌ఓఎస్, అంటే అత్యవసర నంబరు 112కి కాల్. కంగారులో లెక్క తప్పుతుంది. కెమెరా షార్ట్‌కట్ తీసేసి అయిదు నొక్కులదే ఉంచా. దాంతో పోయేది ఫోన్ కాల్ మాత్రమే కాబట్టి అవతల ఆపరేటర్‌కి నిశ్శబ్దమే వినపడుతుంది, వాళ్లు తిరిగి చేసినా చిన్నమ్మ మాట్లాడలేదు. అందుకే ఎమర్జెన్సీ కాంటాక్ట్‌గా అమెరికాలో ఉన్న కొడుకుని కాకుండా ఎదురింటివాళ్లని పెట్టా. వాళ్లకి ఎస్సెమ్మెస్ కూడా ముందే రాసి డ్రాఫ్ట్‌లో ఉంచా:

"వినపడదు. కాల్ వద్దు, మెసేజ్ పెట్టండి. రెండో అంతస్తు."

తెలుగు ఎస్సెమ్మెస్ 70 గుర్తులు దాటితే ముక్కలవుతుంది. సిగ్నల్ సరిగా లేకపోతే ఒక ముక్క ఆలస్యమవ్వొచ్చు. గుణింతాలూ ఒత్తులూ విడిగా లెక్కకొస్తాయి: 'అంతస్తు' కంటికి మూడక్షరాలే, ఫోన్‌కి ఏడు. పై మెసేజ్ 52.

పరీక్షించడానికి 112కి చేయకూడదు. ఎస్‌ఓఎస్‌లో కాల్ వెళ్లే నంబరు మార్చుకోవచ్చు, నాది పెట్టి నొక్కించా. అప్పుడు తెలిసింది: కౌంట్‌డౌన్ అలారం చిన్నమ్మకి వినపడదు, సంచిలో పొరపాటున నొక్కుకున్నా తెలీదు. కొన్ని ఫోన్లలో 'తాకి పట్టుకుంటేనే మొదలు' అనే వీలుంది, దాన్ని ఎంచుకున్నా.

నంబరు మళ్లీ 112కి మార్చాలి. నా ఫోన్ ఇంకో రెండుసార్లు మోగాకగానీ నాకది గుర్తు రాలేదు.