వంద మాటల లెక్క

మా పిన్ని కూతురు నర్సు. ఇంగ్లండ్‌లో ఉద్యోగం కోసం ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాస్తే రైటింగ్‌లో 6 వచ్చింది. కావాల్సింది 6.5. ఆ అర పాయింటుకి ఆ పిల్ల రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మా పిన్నేమో ఎవరి దిష్టి తగిలిందోనని ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో పడేసింది. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు కదా, గుంటూరు మిరపకాయలాయె, ఇంటిల్లిపాదీ దగ్గుకుంటూ వీధిలోకి పరిగెత్తాం. అంటే దిష్టి కాదన్నమాట, రైటింగే.

ఆ సాయంత్రం ఏం చెప్పి ఓదార్చాలో తెలీక ఫోన్ చూస్తూ కూర్చుంటే ఒక వీడియో వచ్చింది. ఇంగ్లండ్‌లో ఏదో ఫుట్‌బాల్ క్లబ్బు కొత్తగా కొన్న ఆటగాడు విలేకరుల ముందు కూర్చున్నాడు, పక్కన దుబాసీ. ఈయన రెండు నిమిషాలు ఏదో చెప్తాడు, ఆయన దాన్ని ఇంగ్లీషులో అరనిమిషంలో తేల్చేస్తాడు, అందరూ నవ్వుతారు. వీడికి లేని పరీక్ష మా పిల్లకెందుకురా అని నాకు తిక్కరేగింది.

తర్వాత తీరిగ్గా చదివితే తెలిసింది, వాళ్ళకీ పరీక్ష ఉంది. బ్రిటన్‌లో ఆటగాళ్ళకిచ్చే ఇంటర్నేషనల్ స్పోర్ట్స్‌పర్సన్ వీసా మీద ఏడాదికి మించి ఉండాలంటే ఇంగ్లీషు ఏ1 స్థాయిలో వచ్చని చూపించాలి. ఐరోపా వాళ్ళ కొలతలో ఆరు మెట్లుంటే అది మొదటిది. నా పేరు ఫలానా, మాది ఫలానా ఊరు, కాస్త నెమ్మదిగా చెప్పండి, అంతవరకు వస్తే గట్టెక్కినట్టే. అసలు లెక్క ఇంకోచోట ఉంది. బ్రెగ్జిట్ తర్వాత, 2021 జనవరి నుంచి, ఐరోపా నుంచి వచ్చే ఆటగాడికైనా అక్కడి ఫుట్‌బాల్ అసోసియేషన్ ఆమోదం కావాలి. దేశం తరఫున ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు, ఏ లీగ్‌లో ఆడాడు, ఎంతసేపు గ్రౌండ్‌లో ఉన్నాడు అని పాయింట్లు వేస్తారు, 15 వస్తే సరే. ఆ పాయింట్లలో భాషకి ఒక్కటీ లేదు.

మామూలు ఉద్యోగికి? స్కిల్డ్ వర్కర్ వీసాకి నిన్నమొన్నటిదాకా బీ1 అడిగారు, 2026 జనవరి 8 నుంచి కొత్తగా పెట్టుకునేవాళ్ళకి బీ2 చేశారు, అంటే నాలుగో మెట్టు. నర్సునైతే వీసాదాకా పోనివ్వకుండా అక్కడి నర్సింగ్ కౌన్సిలే గుమ్మం దగ్గర ఆపుతుంది. ఐఈఎల్‌టీఎస్‌లో రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్ ఏడేసి, రైటింగ్ ఆరున్నర రావాలి. ఆ ఆరున్నర కూడా 2018 చివర్లో దయతలచి తగ్గించిందే, అంతకుముందు అదీ ఏడే.

ఇటలీ ఆయన ఫాబియో కపెల్లో 2008 నుంచి 2012 దాకా ఇంగ్లండ్ జాతీయ జట్టుకే కోచ్. ఆయన ఇంగ్లీషు మీద అక్కడి పత్రికలు తెగ జోకులేసేవి. 2011లో ఆయన ఏమన్నాడంటే, ఆటగాళ్ళతో ఎత్తుగడల గురించి మాట్లాడ్డానికి మహా అయితే వంద మాటలు చాలు, దేశ ఆర్థిక పరిస్థితి గురించి మాట్లాడమంటే మాత్రం నా వల్ల కాదు, అని. నిజాయితీగా చెప్పాడు. తర్వాత అక్కడి లీడ్స్ క్లబ్బుకి వచ్చిన అర్జెంటీనా కోచ్ మార్సెలో బియెల్సా దుబాసీని వెంటేసుకునే తిరిగాడు, తిరిగి 2020లో ఆ జట్టుని అక్కడి అన్నిటికన్నా పై లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లోకి తీసుకెళ్ళాడు. ఆ ఊరివాళ్ళు ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఇంగ్లీషు నేర్చుకో లేదా ఇంటికి పో అని ఆయన్ని ఎవరంటారు?

వంద మాటలు అన్నప్పుడల్లా నాకు మా లబ్బీపేటలో నేను రోజూ వెళ్ళే టిఫిన్ సెంటర్ కుర్రాడు గుర్తొస్తాడు. ఒడిశాలో బాలేశ్వర్ వైపు వాడు. కోరమండల్ ఎక్కి వచ్చి బెజవాడలో దిగాడు, దిగిన రోజుకి వాడికి తెలిసిన తెలుగు సున్నా. నాలుగు నెలల్లో వాడి మాటలు నేను లెక్కపెట్టాను, ఊరికే, సరదాకి. పార్సిలా, ఇక్కడికా. నెయ్యా, నూనా. అల్లం చట్నీ అయిపోయింది. ఉల్లి లేకుండానా. అన్నా జరుగు, వేడి సాంబార్. "చిల్లర లేదండీ" అనే మాటైతే ఈ ఊళ్ళో పుట్టినవాడిలా, అదే దీర్ఘంతో, అదే విసుగుతో అంటాడు, కళ్ళు మూసుకుని వింటే కృష్ణలంక కుర్రాడనుకుంటాం. "మీరు తిన్నావా" అని పెద్దవాళ్ళని కూడా అడుగుతాడు, ఎవరూ తప్పుపట్టరు. మొత్తం కలిపితే వంద ఉంటాయేమో. కపెల్లో జీతం మాత్రం రాదు వాడికి.

వాడికి ఏ పరీక్షా లేదు, మన దేశంలోనే ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వచ్చాడు కాబట్టి ఉండకూడదు కూడా. కానీ పని దగ్గర భాష ఎలా వస్తుందో వాడిని చూస్తే తెలుస్తుంది. ముందు చేతికి అవసరమైన మాట, తర్వాత నోటికి అవసరమైన మాట, తిట్లు ఈ రెంటికీ మధ్యలో.

ఇక మా చెల్లి చదివిన చదువు చూడండి. గుంటూరు బ్రాడీపేట నుంచి రోజూ బస్సులో బెజవాడ వచ్చి కోచింగ్. రైటింగ్ పరీక్షలో గంటలో రెండు రాయాలి. మొదటిది ఏదో గ్రాఫో చార్టో ఇస్తారు, దాన్ని 150 మాటల్లో వర్ణించాలి. రెండోది 250 మాటల వ్యాసం. ఒకరోజు మా ఇంట్లో కూర్చుని ప్రాక్టీస్ చేస్తూ పెన్ను పక్కన పడేసింది. "అన్నయ్యా, నేను నాలుగేళ్ళు ఐసీయూలో చేశాను. బీపీ చార్టు చూసి అర్ధరాత్రి డాక్టర్‌ని లేపాలో అక్కర్లేదో చెప్పగలను. ఈ నాలుగు ఊళ్ళల్లో సైకిళ్ళు ఎంతమంది తొక్కుతున్నారో చూసి నేనేం చెప్పాలి?" అంది. నా దగ్గర సమాధానం లేదు, కాఫీ పెట్టిచ్చాను. ఒక్కో ప్రయత్నానికి పదిహేడు, పద్దెనిమిది వేలు. రెండుసార్లు పోయాక ఎవరో చెప్తే ఓఈటీ రాసింది, అది ఆసుపత్రి వాళ్ళ కోసమే పెట్టిన పరీక్ష. రైటింగ్ అంటే పేషెంటు గురించి ఉత్తరం రాయడం, స్పీకింగ్ అంటే పేషెంటుతో మాట్లాడినట్టు మాట్లాడటం. ఫీజు దగ్గర దగ్గర రెట్టింపు. మొదటిసారే గట్టెక్కింది. అదే పిల్ల, అదే ఇంగ్లీషు, అడిగిన ప్రశ్న మారిందంతే.

పరీక్షలే వద్దనే బాపతు కాదు నేను. 1996 నవంబరులో హర్యానాలో చర్ఖీ దాద్రీ మీద సౌదీ విమానం, కజకిస్తాన్ విమానం ఆకాశంలో గుద్దుకుని 349 మంది పోయారు. కజక్ సిబ్బందికి ఇంగ్లీషు సరిగ్గా రాకపోవడం ఆ ఘోరానికున్న కారణాల్లో ఒకటి. ఆ తర్వాతే విమానాలు నడిపేవాళ్ళకీ, కింద నుంచి దారి చెప్పేవాళ్ళకీ ఇంగ్లీషులో నాలుగో స్థాయి (ఇది విమానాల వాళ్ళ కొలత, వేరే) ఉండాలని ప్రపంచమంతా రూలు పెట్టారు, 2008 నుంచి అమల్లోకి వచ్చింది. అలాంటి రూలుకి నేను రెండు చేతులూ ఎత్తి ఓటేస్తాను. నర్సు విషయమూ అంతే. గుంటూరు పెద్దాసుపత్రిలో పల్నాడు ముసలమ్మ "కడుపులో దేవుతోందమ్మా" అంటే అర్థంకాని నర్సు పక్కన ఉంటే ఎలా? నా గొడవల్లా ఏమిటంటే, నిక్కచ్చితనమంతా బేరమాడలేని వాడి దగ్గరే చూపిస్తారు. క్లబ్బుకి ఆటగాడు కావాలి, కాబట్టి దుబాసీ ఖర్చు క్లబ్బుదే, పాఠాలు చెప్పే మాస్టారి జీతం కూడా క్లబ్బుదే. నర్సు వాళ్ళకి కావాల్సి ఉన్నా ఖర్చు మాత్రం మా పిన్ని గాజులది.

ఫుట్‌బాల్‌లోనే ఒక కథ ఉంది, నాకు భలే ఇష్టం. 1966 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్, వెంబ్లీలో ఇంగ్లండ్, అర్జెంటీనా. రిఫరీ జర్మనీ ఆయన, క్రైట్‌లైన్. అర్జెంటీనా కెప్టెన్ రాటిన్ ఏదో వాదిస్తున్నాడు. రిఫరీకి స్పానిష్ రాదు, రాటిన్‌కి జర్మన్ రాదు, అయినా నోటి దురుసు అని చెప్పి బయటికి పొమ్మన్నాడు. తెలియని భాషలో దురుసు ఎలా కనిపెట్టాడో! నాకు దుబాసీని పిలవండి అని రాటిన్ తన కెప్టెన్ పట్టీ చూపిస్తూ ఎంతకీ కదల్లేదు, ఆట ఆగిపోయింది. అప్పుడు రిఫరీల బాధ్యత చూస్తున్న కెన్ ఆస్టన్ అనే ఆయన కారులో ఇంటికెళ్తూ లండన్‌లో ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగాడట. పసుపు అంటే చూసుకో, ఎరుపు అంటే ఆగు, ఇందులో భాషేముంది అనిపించింది. 1970 మెక్సికో ప్రపంచ కప్ నుంచి పసుపు, ఎరుపు కార్డులు వచ్చేశాయి. (బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే ఆయనకి ఈ ఆలోచన వచ్చేది కాదు, ఎరుపు చూసి ఎవరు ఆగారని?)

ఈ కథ నాకు ఊరికే నచ్చలేదు. నేను ఒక బిల్డర్ దగ్గర లెక్కలు రాస్తాను, పేరు వద్దులెండి. రెండేళ్ళ కిందట తాడేపల్లి వైపు మా సైట్‌లో కమ్మీల కట్ట మోటారు మీద పైకి లాగుతుంటే తాడు జారింది. పైనుంచి మేస్త్రీ "తప్పుకో, తప్పుకో" అని గొంతు చించుకున్నాడు. కింద ఉన్నది బెంగాల్ నుంచి వచ్చి అప్పటికి తొమ్మిది రోజులైన కుర్రాడు. పిలుస్తున్నారేమో అనుకుని తల ఎత్తి పైకి చూశాడు. పక్కనున్నవాడు చొక్కా పట్టి లాగబట్టి ప్రాణం దక్కింది, భుజం ఎముక మాత్రం విరిగింది. గేటు దగ్గర ఇంత పెద్ద బోర్డు ఉంది, భద్రతా నియమాలు పన్నెండు, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. లోపల పనిచేసే అరవై మందిలో అది చదవగలిగినవాళ్ళు నలుగురో ఐదుగురో. మరి ఆ బోర్డు ఎవరి కోసం రాయించినట్టు? ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవాళ్ళ కోసం. బిల్లు పాస్ చేసింది నేనే కాబట్టి నాకు బాగా తెలుసు.

ఆ వారమే మా సైట్ ఇంజినీరు ఈలలు కొనిపించాడు. ఒక ఈల అంటే ఆగు, వరసగా ఊదితే ఉన్నచోటు వదిలి పరిగెత్తు. ఈలకి యాభై రూపాయలు కూడా కాలేదు.

అసలు భాషే అడగని చోట్లు కూడా ఉన్నాయి, అవి ఇంకా ఘోరం. 2022 ప్రపంచ కప్ కోసం ఖతార్‌లో స్టేడియాలు కట్టడానికి మనవాళ్ళూ వెళ్ళారు, తెలంగాణ జిల్లాల నుంచైతే చాలామంది. ఏ1 లేదు, బీ2 లేదు, వేలిముద్ర ఉంటే చాలు. కానీ అక్కడి 2004 కార్మిక చట్టం ప్రకారం ఒప్పందం అరబ్బీలో ఉండాలి, పక్కన అనువాదం పెట్టుకోవచ్చు, రెంటికీ తేడా వస్తే చెల్లేది అరబ్బీదే. అంటే నీకు భాష రానక్కర్లేదు, కానీ నీ జీతం ఎంతో రాసి ఉన్నది మాత్రం నీకు రాని భాషలో. ఏజెంట్ ఇక్కడ చెప్పిన అంకె ఒకటి, అక్కడ దిగాక సంతకం పెట్టిన కాగితంలో అంకె ఇంకొకటి అయితే ఎవరితో కొట్లాడాలి, ఏ భాషలో?

మా చెల్లి ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఒక వార్డులో చేస్తోంది. మొదటి వారం ఒక పెద్దావిడ "స్పెండ్ ఎ పెన్నీ" చెయ్యాలి అందట. ఏదో కొనుక్కోవాలేమో అనుకుని, షాపు కింద ఉందండీ, సాయంత్రం మీ అమ్మాయి వచ్చాక తెప్పిద్దాం అని మా పిల్ల మర్యాదగా చెప్పింది. ఇంకో రెండుసార్లు అడిగిందట పాపం ఆవిడ. చివరికి దుప్పట్లు మార్చాల్సి వచ్చింది. పబ్లిక్ మరుగుదొడ్లకి పెన్నీ వేస్తేగానీ తలుపు తెరుచుకోని రోజుల నాటి మాటట అది, పక్క వార్డు మలయాళీ సిస్టర్ చెప్పింది. ఆవిడకీ మొదట్లో ఎవరో ఫిలిప్పీన్స్ నర్సు చెప్పిందట. రెండు ఐఈఎల్‌టీఎస్‌లు, ఒక ఓఈటీ, వేలకి వేలు పోసినా ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదన్నయ్యా అని ఫోన్‌లో ఒకటే నవ్వు. తర్వాత కాసేపటికి "ఆవిడ మొహం చూడలేకపోయాను" అంది.

మొన్న ఆదివారం టిఫిన్‌కి వెళ్ళేసరికి పదకొండు దాటింది, రద్దీ తగ్గింది. ఓనరు గల్లా దగ్గర నోట్లు సర్దుకుంటూ లోపలికి చూసి "ఒరేయ్, ఆసొ, ఆసొ" అని కేకేశాడు. ఇదేం భాషండీ కొత్తగా అన్నాను. "రా అని అండీ, వాళ్ళ ఒడియాలో. తెలుగులో పిలిస్తే ఏదో తిడుతున్నాననుకుని గిన్నెలు తోముతూనే ఉంటాడు, తినడానికి రాడు" అన్నాడు. ఆ కుర్రాడు చేతులు తుడుచుకుంటూ వచ్చి, నా ఎదురు బల్ల మీద ప్లేటు పెట్టుకుని, నన్ను చూసి "మీరు తిన్నావా" అని అడిగాడు.