నాయన అడిగిన ప్రశ్న

2000లో మా అనంతపురం జిల్లా వేరుశనగకు కాండం కుళ్లు తెగులు వచ్చింది. నాయన ఒక మొక్క పీకి నా చేతిలో పెట్టాడు. మొవ్వంతా నల్లబడిపోయింది. వయ్యారిభామ పుప్పొడిలోని వైరస్ తామర పురుగుల వల్ల పంటకు అంటుకుందని తర్వాత చదివాను. నా దారి అక్కడే మొదలైంది.

ఇప్పుడు నా పని ఫ్లూ వైరస్ మీద. ఆ చేను వైరస్‌కు లేని కొవ్వు పొర దీనికుంది. కణం దీన్ని మింగి చిన్న సంచిలో పెడుతుంది. సంచిలో పులుపు పెరిగి పీహెచ్ 5 దగ్గరికి రాగానే, హెమగ్లుటినిన్ అనే ప్రోటీన్ ఒక్కసారిగా ఆకారం మార్చుకుని వైరస్ పొరను సంచి పొరతో కలిపేస్తుంది. ఆ దారినే వైరస్ లోపలి సరుకు కణంలోకి దిగుతుంది. పొర మందం సుమారు 5 నానోమీటర్లే! ఎన్నేళ్లు చూసినా తనివి తీరదు.

నిన్న ఊళ్లో కళ్లం దగ్గర ఇదంతా చెప్తే నాయన కాసేపు ఆలోచించి, "ఆ పులుపు ఎక్కకుండా ఆపితేనో, అమ్మా?" అన్నాడు.

నా ల్యాబ్‌లో ఇప్పుడు నడుస్తున్న ప్రయోగం అదే.