నా అష్టాచమ్మా, 19 విండోలు: నా అనుభవం

అమీర్‌పేటలో ఆదివారం బ్యాచ్‌కి వెళ్లి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నాను. వయసు నలభై మూడు, చదివింది బీకాం. కోర్సు చివర అందరూ ఒక చిన్న ఆట రాసి చూపించాలన్నారు. కుర్రాళ్లంతా పాము ఆట, టిక్ టాక్ టో పట్టుకున్నారు. నేను అష్టాచమ్మా అన్నాను. ఇరవై అయిదు గడులు, నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మా, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే 8. ఆ రెండిట్లో ఏది పడ్డా ఇంకో పందెం వేసుకోవచ్చు. ఈ చివరి నియమమే నా కొంప ముంచింది.

బొమ్మలు గీయడానికి మాకు నేర్పింది గ్రాఫిక్స్ డాట్ పై అనే చిన్న లైబ్రరీ, అంటే ఇంకొకరు ముందే రాసిపెట్టిన కోడ్. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం ఒక అమెరికా ప్రొఫెసర్ రాసింది, లోపల టికింటర్ అనే, విండోలు తెరిచే పైథాన్ లైబ్రరీ మీద నడుస్తుంది. ఆ ఫైలు మన ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్‌లోనే పడేస్తే చాలు. మీ ప్రోగ్రాంకి కూడా గ్రాఫిక్స్ అనే పేరు పెట్టి సేవ్ చేయకండి. నేను చేశాను, ఒక సాయంత్రం పోయింది.

గడులు గీయడం గంట పని. గవ్వలకి రాండమ్ ఉంది, అడిగినప్పుడల్లా ఏదో ఒక అంకె ఇస్తుంది, అదీ అయిపోయింది. పావులు జరపడానికి రెండు రోజులు. ఇంట్లో మూడు నాలుగు పందేలు వేసి చూసుకున్నాను, బాగానే ఉంది. పందెం వేసినప్పుడల్లా గవ్వలతో ఒక బుల్లి విండో వచ్చేది. పాతవి పోయేవి కావు. పాత పందేలు కూడా కనపడుతున్నాయి కదా, మంచిదేలే అనుకున్నాను. ఎంత తెలివో చూడండి.

ఆ ఆదివారం ప్రొజెక్టర్ మీద పెట్టాను. సార్ ఇద్దరు కుర్రాళ్లని పిలిచి ఆడమన్నారు. వాళ్లలో ఒకడికి వరసగా చమ్మా, అష్టా, మళ్లీ చమ్మా. క్లాసంతా ఈలలు. తెర మీద విండోలు మెట్లలాగా ఒకదాని మీద ఒకటి పేరుకుంటున్నాయి. కింద నా బోర్డు ఎక్కడుందో కూడా తెలియడం లేదు. రెండోవాడు పాత విండో మీద నొక్కాడు. ఏమీ జరగలేదు. మళ్లీ నొక్కాడు. "అక్కా, హ్యాంగ్ అయింది" అన్నాడు. అవ్వలేదు నాయనా, ఇంకో విండోలో నొక్కాలి అని నేను చెప్పేలోపే సార్ లేచి వచ్చి, పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు... పందొమ్మిది దాకా. "ఏంది మేడం, కిటికీల షాపు పెట్టిన్రా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాం. తర్వాత ఆయనే ఒక్కొక్క ఇంటూ గుర్తు నొక్కుతూ మూసుకుంటూ పోయారు. అయిదోదో ఆరోదో మూయగానే ఐడిల్‌లో, అంటే మేం కోడ్ రాసి నడిపేచోట, ఎర్రక్షరాల్లో తప్పు: మూసేసిన విండోలో గెట్‌మౌస్ (నొక్కేదాకా ఆగే ఆదేశం) అట. ఆట చచ్చిపోయింది. మిగతా విండోలు మాత్రం అలాగే నిలబడి ఉన్నాయి.

"ఎందుకొచ్చింది సార్?" అని అడిగితే "లాజిక్ చూసుకోండి" అన్నారు. ఇన్ని వేలు ఫీజు కట్టించుకుని ఇచ్చే జవాబు ఇదా? తెలియకపోతే తెలియదనొచ్చు, అందులో నామోషీ ఏముంది. మా నాన్న రేషన్ షాపులో లెక్క తప్పితే పదిమంది ముందు ఒప్పుకుని సరిచేసేవాడు.

మెట్రోలో మెట్టుగూడ దాకా కోపమే. ఆ రాత్రి కాగితం మీద లైను లైనుగా రాసుకుంటే అప్పుడు కనపడింది. విండో తెరిచే గ్రాఫ్‌విన్ లైను నేను గవ్వల ఫంక్షన్ (పేరు పెట్టి పిలిస్తే నడిచే కోడ్ ముక్క) లోపల పెట్టాను. ఫంక్షన్‌ని పిలిచిన ప్రతిసారీ కొత్త విండో పుడుతుంది. కొలతలు చెప్పకపోతే 200కి 200 పిక్సెళ్లు. ఫంక్షన్ అయిపోగానే లోపల నేను పెట్టుకున్న పేరు పోతుంది, తెర మీది విండో మాత్రం పోదు. తాళంచెవి పారేసుకున్నంత మాత్రాన అద్దె ఇల్లు ఖాళీ అవదు కదా. క్లోజ్ అని మనం చెప్పాలి. చెప్పాలంటే పేరు చేతిలో ఉండాలి.

ఆ కుర్రాడి నొక్కుడు ఎందుకు పనిచేయలేదో కూడా అప్పుడే అర్థమైంది. గెట్‌మౌస్ తనను ఏ విండో మీద పిలిచారో ఆ ఒక్కదాని కోసమే కాచుక్కూర్చుంటుంది. పక్క విండోలో వందసార్లు నొక్కినా దానికి పట్టదు. నిజంగా రెండు విండోలు కావాలంటే చెక్‌మౌస్ వాడాలి. అది ఆగదు, నొక్కలేదంటే నన్, అంటే ఏమీ లేదు, అని చెప్పి వెళ్లిపోతుంది. ఒక లూప్‌లో, అంటే తిరిగి తిరిగి నడిచే కోడ్‌లో, రెండిటినీ మార్చి మార్చి అడగొచ్చు. నేను ఆ గొడవే వద్దనుకున్నాను. మొదట్లోనే ఒక్క విండో, 800కి 600, తెరిచి ప్రతి ఫంక్షన్‌కీ దాన్నే పంపాను. ఎడమవైపు 600లో బోర్డు, గడికి 120 చొప్పున. మిగిలిన 200లో గవ్వలు.

దాంతో ఇంకో తలనొప్పి. కొత్త గవ్వల వెనక పాతవి కూడా కనపడుతున్నాయి. గీసిన బొమ్మలన్నీ ఒక లిస్టులో దాచుకుని, తర్వాతి పందానికి ముందు ఒక్కోదాన్నీ అన్‌డ్రా చేయాలి, అంటే చెరిపేయాలి. అన్‌డ్రా చేయకుండా అదే బొమ్మని మళ్లీ గీయబోతే ఇది ఇప్పటికే గీసి ఉందంటూ ఎర్రక్షరాలు వస్తాయి. ఇక ఇంటూ నొక్కితే ఆట చావకుండా మొత్తం ఆటని ట్రై (తప్పు వస్తే పట్టుకునే ఏర్పాటు) లోపల పెట్టి, గ్రాఫిక్స్ఎర్రర్ వస్తే మర్యాదగా బయటికి వచ్చేలా రాశాను. మా బ్యాచ్‌లో ఈ ఇంటూ సంగతి పట్టించుకున్నది నేనొక్కదాన్నే. కావాలంటే ఆ పాము ఆటలు తెరిచి నొక్కి చూడండి.

నిన్న మళ్లీ తీసుకెళ్లాను. పదిహేను పందేలు ఆడించి, ఆట మధ్యలో నేనే ఇంటూ నొక్కాను. విండో పోయింది. ఎర్రక్షరం ఒక్కటీ లేదు. సార్ తెర వైపు చూసి, "సౌండ్ పెట్టలేదా మేడం?" అన్నారు. నేను మాట్లాడలేదు. ఆయనకి కనపడలేదు గానీ, పావు లోపలి వరసలోకి మళ్లేచోట ఇంకా తప్పు గడిలోకి దూకుతోంది. ఈ వారం దాని పని పట్టాలి.