మామిడి చెట్టుకి నీళ్లు ఆపేశాం

మా పెరట్లో బంగినపల్లి చెట్టు వేసి పదకొండేళ్లయింది. కొమ్మలు డాబా మీదికి ఎక్కేశాయి, ఆకు నిగనిగలాడుతుంది, నీడ బ్రహ్మాండం, కాయ మాత్రం లేదు. ఒక ఏడాది పద్నాలుగు కాసింది, అవీ కోతుల పాలే. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ తలా ఒక వైద్యం చెప్పారు. చెట్టు మొదలుకి మేకులు కొట్టమని ఒకరు, రాళ్ల ఉప్పు పోయమని ఇంకొకరు (దయచేసి ఈ పని చేయకండి, నేల పాడవుతుంది), గొడ్డలి పట్టుకుని "ఈ ఏడు కాయకపోతే నరికేస్తాం" అని బెదిరించమని మా పెద్దత్త. బెదిరించాం కూడా. దానికి చీమ కుట్టినట్టైనా లేదు.

అసలు దోషం మాదే. వాషింగ్ మెషీన్ పైపు తిన్నగా పాదులోకే పెట్టాం, దానికి తోడు బియ్యం కడుగు నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు, ఏడాది పొడుగునా. అలా తడి ఆరకపోతే చెట్టు చిగుర్లు వేసుకుంటూ కూర్చుంటుంది. మామిడి పూత ముదిరిన రెమ్మ చివర్నే వస్తుంది, అంటే వానల్లో వేసిన చిగురు నాలుగైదు నెలలు ముదరాలి, ఆ తర్వాత నేల ఆరి రాత్రుళ్లు చల్లబడాలి. మా చెట్టేమో నవంబరులో కూడా లేత రాగిరంగు చిగుర్లు వేసేది, మేం చూసి మురిసిపోయేవాళ్లం. ఆ చిగురు సంక్రాంతికి ఏం పూస్తుంది?

అందుకే కిందటి అక్టోబరు చివర్లో పైపు అరటి మొక్కల వైపు తిప్పేశాను. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. "నోరు లేని చెట్టుని ఎండగడతావా, నీకు అన్నం సయిస్తుందా?" అంది. నిజానికి పెద్ద చెట్టుకి ఏం కాదు, వేరు లోతుకి పోయి ఉంటుంది. చిన్న మొక్కలకి మాత్రం ఇలా చేయకూడదు.

డిసెంబరు రెండో వారంలో రెమ్మల చివర మొగ్గలు ఉబ్బినట్టు కనిపిస్తే, లీటరు నీటికి 10 గ్రాముల 13-0-45 (అదే, పొటాషియం నైట్రేట్) కలిపి డాబా ఎక్కి అందినంత మేర కొట్టాను. ఈ చిట్కా ఫిలిప్పీన్స్‌ది. అక్కడ పూర్వం చెట్ల కింద రోజుల తరబడి పొగ పెట్టి పూత రప్పించేవాళ్లు, రామోన్ బార్బా అనే శాస్త్రవేత్త 1970లలో పొగ బదులు ఈ మందు నీళ్లు చాలని తేల్చాడు. కానీ రెమ్మ ముదరకపోతే ఇదీ దండగే. నర్సరీ అతను కల్టార్ (చిగుర్లు తగ్గించి పూత రప్పించడానికి పాదులో పోసే మందు) పోద్దామన్నాడు, నేను వద్దన్నాను. అది నేలలో చాలాకాలం ఉండిపోతుంది, మా బోరు చెట్టుకి పది అడుగుల దూరంలోనే ఉంది, నాలుగు కాయల కోసం ఆ టెన్షన్ ఎందుకు?

సంక్రాంతి నాటికి పూత విరగబూసింది. దాంతోపాటే పూత రసం పీల్చే తేనెమంచు పురుగు. చెట్టు కిందికెళ్తే ఆకుల్లో చిటచిటమని చప్పుడు, కింద ఆకుల మీద జిగురు, ఆ జిగురు మీద నల్లటి మసి. పూత విచ్చుకోకముందే వేపనూనె లీటరుకి 5 మి.లీ., కాస్త సబ్బు నీళ్లు కలిపి కొట్టి ఉండాల్సింది, వారం ఆలస్యం చేశాను, పడమటి వైపు పూత గెలలు కొన్ని మాడిపోయాయి. బూడిద తెగులుకి నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు, అది కూడా విచ్చుకోకముందే. పూలు విచ్చుకున్నాక ఏ మందూ కొట్టొద్దు, ఈగలూ తేనెటీగలూ వాలితేనే పిందె కట్టేది. ఇంటి చుట్టూ ఈగలు ముసురుతున్నాయని మా పిల్లలు గోల పెట్టారు గానీ నాకు మాత్రం పండగే.

పిందె రాలుతోందని కంగారు పడకండి. ఒక్కో గెలకి వందలు, వేలు పూలుంటాయి, వాటిలో ఎక్కువ మగవే, నిలిచేది ఒకటో రెండో. రాలిన పిందెలతో మేం పప్పు చేసుకున్నాం.

కోత అయ్యాక జూన్‌లో ఎండు కొమ్మలు తీసేసి, నడిమి కొమ్మలు రెండు కొట్టించి లోపలికి ఎండ పడేలా చేయాలి. మాగిన పశువుల ఎరువు మొదట్లో కాదు, కొమ్మల నీడ అంచు పడే చోట గాడి తీసి వేయాలి. యూరియా లాంటివి వేస్తే తొలి వానల్లోనే, సెప్టెంబరు దాటాక వేస్తే మళ్లీ చిగుర్లే.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ పాదులో బకెట్టు ఒంపుతూ దొరికిపోయింది. "పిందె బఠాణీ గింజంత అయ్యాక కొద్దికొద్దిగా పోయొచ్చని నువ్వే అన్నావుగా, పొద్దున చూశాను, అయింది" అంది. వెళ్లి చూశాను. అయింది.